పండుగ కార్టూన్లు, పసిపిల్లల ప్రశ్నలు: మూడు క్రిస్మస్ చిత్రాలపై ఒక దైవశాస్త్ర పరిశీలన

ఉపోద్ఘాతం

డిసెంబరు నెల సమీపించేసరికి సంఘకాపరులను తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలలో ఒకటి ఇది: "అయ్యగారూ, మా పిల్లలు ఈ క్రిస్మస్ కార్టూన్లు చూడవచ్చునా?" అమెరికాలో స్థిరపడిన తెలుగు విశ్వాసులకు ఇది పాత ప్రశ్నే. వారి పిల్లలు బడిలోను, పొరుగింటిలోను, టీవీలోను ఈ చిత్రాలను ఏటా చూస్తూనే ఉన్నారు. చేతిఫోన్లు వచ్చిన తరువాత గుంటూరులోను, ఖమ్మంలోను నాలుగైదేళ్ల పిల్లలకు కూడా ఎర్రముక్కు రుడాల్ఫ్, పచ్చని గ్రించ్ పరిచయమయ్యారు. కనుక ఈ ప్రశ్న ఇప్పుడు మన సంఘాలది కూడా.

ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినబడుతున్నాయి. "అవి లోకసంబంధమైనవి, చూడనివ్వకండి" అన్నది మొదటిది. "అందులో మంచి నీతి ఉంది, చూడనివ్వండి" అన్నది రెండవది. పైకి ఇవి రెండూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపించినా, నిజానికి రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. రెండూ పెద్దవారు పెద్దవారికి చెప్పుకొనే జవాబులు. వాటిలో బిడ్డకు చోటు లేదు. బిడ్డ ఏమి చూసింది, దేనికి నవ్వింది, ఎక్కడ భయపడింది, ఎవరి పక్షాన నిలిచింది అని ఎవరూ అడగలేదు.

మూడు ప్రసిద్ధ అమెరికన్ చిత్రాలను ఈ వ్యాసంలో విమర్శనాత్మకంగా పరిశీలిద్దాం. అవి 1964 నాటి రుడాల్ఫ్, 1965 నాటి చార్లీ బ్రౌన్ క్రిస్మస్, 1966 నాటి గ్రించ్. ఈ మూడింటిలోనూ అంతర్లీనంగా ఉన్న ప్రశ్న ఒక్కటే: బయట ఉన్నవాడు లోపలికి ఎలా వస్తాడు? ప్రతి చిత్రమూ దీనికి వేరొక జవాబు ఇస్తుంది. కృప అనే మాట ఇంకా తెలియని పసివాడు కృపను గూర్చిన మొదటి పాఠం నేర్చుకొనేది ఈ ప్రశ్న దగ్గరే. అందుకే ఈ చిత్రాలను గూర్చి పిల్లలతో మాట్లాడడం కాలక్షేపం కాదు, అది ఉపదేశ పరిచర్యలో భాగం అని ఈ వ్యాసం వాదిస్తుంది.

1. చిత్రాల నేపథ్యం

ఈ మూడు చిత్రాలూ అమెరికాలో ఇంటింటికీ టీవీ చేరిన కాలంలో, వరుసగా మూడు సంవత్సరాలలో ప్రసారమయ్యాయి. రుడాల్ఫ్ 1964 డిసెంబరు 6న ఎన్.బి.సి.లో, చార్లీ బ్రౌన్ 1965 డిసెంబరు 9న సి.బి.ఎస్.లో, గ్రించ్ 1966 డిసెంబరు 18న అదే సి.బి.ఎస్.లో మొదటిసారి వచ్చాయి. రుడాల్ఫ్ బొమ్మలను కొంచెం కొంచెంగా కదిలిస్తూ ఫోటోలు తీసే పద్ధతిలో జపానులో తయారైంది. మిగిలిన రెండూ చేతితో గీసిన బొమ్మలు.

వీటి వెనుక ఉన్న ధనబలాన్ని కూడా మనం గమనించాలి. రుడాల్ఫ్ కథ పుట్టిందే వ్యాపారం కోసం. 1939లో చికాగోలోని మాంట్‌గోమరీ వార్డ్ అనే వర్తకసంస్థ పిల్లలకు ఉచితంగా పంచడానికి తన ఉద్యోగి రాబర్ట్ మే చేత దానిని రాయించింది. 1949లో జానీ మార్క్స్ దానిని పాటగా మలచారు. 1964 నాటి టీవీ చిత్రానికి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ డబ్బు పెట్టింది. క్రిస్మస్ వ్యాపారమైపోయిందని బాధపడే చార్లీ బ్రౌన్ చిత్రానికి కోకాకోలా కంపెనీ డబ్బు పెట్టింది. కానుకలు లేకపోయినా పండుగ వస్తుందని చెప్పిన గ్రించ్ చిత్రానికి బ్యాంకుల సంఘం ఒకటి పెట్టింది. ఇంతమాత్రాన ఈ చిత్రాలు అబద్ధమని తేల్చనక్కరలేదు. అయితే వ్యాపారాన్ని నిందించే మాట కూడా వ్యాపారానికి అమ్ముడు కాగలదని కాపరి గుర్తించాలి.

2. రుడాల్ఫ్: పనికివస్తేనే అంగీకారమా?

రుడాల్ఫ్ అనేది రెయిన్‌డీర్ జాతికి చెందిన చిన్న దుప్పి. పుట్టుకతోనే దాని ముక్కు ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. తండ్రి డానర్ సిగ్గుపడి ఆ ముక్కుకు బురద పూస్తాడు. తరువాత తొడుగు వేస్తాడు. అది ఊడి అసలు ముక్కు బయటపడగానే తోటిపిల్లలు ఎగతాళి చేస్తారు, ఆట నేర్పేవాడు వెలివేస్తాడు. చివరికి శాంటాక్లాజ్ కూడా తండ్రినే తప్పుపడతాడు. ఇల్లు విడిచి వెళ్లిన రుడాల్ఫ్ అనేక కష్టాల తరువాత తిరిగివస్తాడు. పొగమంచు దట్టంగా కమ్మిన క్రిస్మస్ రాత్రి, శాంటా బండికి దారి చూపగల వెలుగు ఆ ముక్కులోనే ఉందని తెలుస్తుంది. వెలివేయబడినవాడు ముందు నడుస్తాడు.

మన సండేస్కూళ్లలో ఈ కథకు చెప్పే నీతి ఇలా ఉంటుంది: "దేవుడు నీకిచ్చిన ప్రత్యేకతను ఆయన వాడుకుంటాడు." వినడానికి ఇది బాగానే ఉంది. కాని బిడ్డ చెవికి అందే మాట ఇది కాకపోవచ్చు. "నీవు అక్కరకు వచ్చిన రోజున నిన్ను చేర్చుకుంటారు" అని బిడ్డ అర్థం చేసుకుంటే తప్పు బిడ్డది కాదు. పాటలోని కథాక్రమం సరిగ్గా అదే. మంచు కురవకపోతే రుడాల్ఫ్ సంగతి ఏమిటి? వెలగని ముక్కు అయితే, కేవలం వంకర ముక్కు అయితే ఏమిటి? చదువులో వెనుకబడిన బిడ్డ, నడవలేని బిడ్డ, మాట సరిగా రాని బిడ్డ ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వారికి ఈ కథ ఏ సువార్త చెబుతుంది?

ఇక్కడ చిత్రానికి న్యాయం చేయాలి. పాటలో లేని ఒక మేలు చిత్రంలో ఉంది. ముక్కు అవసరం పడడానికి ముందే, తిరిగివచ్చిన రుడాల్ఫ్‌ను చూసి డానర్ క్షమాపణ చెబుతాడు. తాను పొరబడ్డానేమోనని శాంటా కూడా గ్రహిస్తాడు. అయితే అప్పటికే రుడాల్ఫ్, అతని మిత్రుడు సాహసం చేసి వచ్చారు. కాబట్టి అంగీకారానికి ముందు ఏదో ఒక ఘనకార్యం ఉండనే ఉంది.

ఈ చిత్రంలో దైవశాస్త్రపరంగా అత్యంత విలువైన భాగం మరొకటి. చతురస్రపు చక్రాల రైలు, చుక్కల ఏనుగు వంటి ఎవరికీ అక్కరలేని బొమ్మలు ఒక ద్వీపంలో ఉంటాయి. వాటికి ఇళ్లు దొరికేలా చూస్తానని రుడాల్ఫ్ మాట ఇస్తాడు. 1964లో మొదటిసారి ప్రసారమైనప్పుడు ఆ మాట నెరవేరినట్లు చిత్రంలో చూపలేదు. ప్రేక్షకుల నుండి ఫిర్యాదులు వచ్చాయి. 1965లో శాంటా ఆ ద్వీపానికి వెళ్లి బొమ్మలను తీసుకువెళ్లే దృశ్యాన్ని కొత్తగా చేర్చారు. తయారుచేసినవారు మరచిన వాగ్దానాన్ని చూసినవారు మరువలేదు! తప్పిపోయిన ఒక్క గొర్రె లెక్కకు రాకుండా పోతే ఒప్పుకోని ఆ మనసే లూకా 15వ అధ్యాయపు తలుపు దగ్గరకు బిడ్డను తీసుకువస్తుంది.

3. గ్రించ్: మారిన హృదయం, సిద్ధంగా ఉన్న బల్ల

గ్రించ్ కథను డాక్టర్ స్యూస్ అనే కలంపేరుతో థియోడర్ గైసెల్ 1957లో రాశారు. 1966లో చక్ జోన్స్ దానిని చిత్రంగా తీశారు. బోరిస్ కార్లాఫ్ కథ వినిపించారు. కొండమీద ఒంటరిగా ఉండే గ్రించ్‌కు దిగువ ఊరివారి పండుగ అంటే గిట్టదు. పండుగ రాకుండా ఆపాలని శాంటా వేషం వేసుకొని, ఇంటింటా చొరబడి కానుకలు, చెట్లు, ఆహారం అన్నీ దొంగిలిస్తాడు. రెండేళ్ల పాప సిండీ లూ ఎదురుపడితే ఆమెకు అబద్ధం చెబుతాడు. తెల్లవారుతుంది. ఊరివారు ఏడుస్తారని అతడు చెవి ఒగ్గి వింటాడు. వారు చేతులు పట్టుకొని పాడుతుంటారు. అతని చిన్న గుండె మూడింతలు పెరుగుతుంది. దొంగిలించినదంతా తిరిగి తెస్తాడు. వారి విందులో అతనికి చోటు దొరుకుతుంది.

ఈ చిత్రాన్ని "గ్రించ్ మారుమనస్సు" అని ప్రసంగాలలో వాడుకోవడం పరిపాటి. పోలిక కొంతవరకు నిలుస్తుంది. అతనిని మార్చింది వాదన కాదు, శిక్ష కాదు, చెవిన పడిన పాట. వినుటవలన విశ్వాసం కలుగుతుందన్న రోమా 10:17 ఇక్కడ గుర్తుకు రావడం సహజమే. కాని ఆ పాట ఎవరిని గూర్చినది? చిత్రంలో యేసు నామం ఎక్కడా వినబడదు. ఊరివారు ఎందుకు ఆనందిస్తున్నారో చెప్పబడదు. క్రిస్మస్ కొట్లో కొనేది కాదని చిత్రం చెబుతుంది. అది ఎక్కడినుండి వచ్చిందో మాత్రం చెప్పదు. ఖాళీగా విడిచిన ఆ చోటును పాపమనడం కన్నా, దానిని ఖాళీ అని గుర్తించి అక్కడ సువార్త చెప్పడం మేలు.

జక్కయ్య కథను (లూకా 19:1-10) దీని పక్కన ఉంచి చూస్తే తేడా స్పష్టమవుతుంది. గ్రించ్ సొత్తు తిరిగి ఇచ్చిన తరువాత బల్ల దగ్గరకు వస్తాడు. జక్కయ్య ఇంకా ఏమీ తిరిగి ఇవ్వకముందే యేసు అతని పేరు పెట్టి పిలిచి, అతని ఇంటికి వెళతాడు. నాలుగింతలు చెల్లిస్తానన్న మాట ఆ తరువాత వస్తుంది. ఒకచోట క్రియ ముందు, బల్ల తరువాత. మరొకచోట బల్ల ముందు, క్రియ తరువాత. కృపను గూర్చి మనం వేదాంత కళాశాలలో రెండు నెలలు బోధించే విషయాన్ని ఐదేళ్ల బిడ్డ ఈ రెండు కథల వరుసలో చూడగలదు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఊరివారిలో ఒక్కరు కూడా గ్రించ్‌ను నిలదీయరు. నీవు చేసిన పని ఏమిటి అని అడగరు. ఆ మౌనంలో క్షమాపణ ఉంది.

నేటి పిల్లలకు 1966 చిత్రం కన్నా 2018లో ఇల్యూమినేషన్ సంస్థ తీసిన గ్రించ్ ఎక్కువగా తెలుసు. ఆ రెండింటి తేడా విమర్శకునికి ముఖ్యం. పాతచిత్రంలో గ్రించ్ ద్వేషానికి సరైన కారణం ఎవరికీ తెలియదు. గుండె చిన్నదై ఉండవచ్చునంటారు, అంతే. కొత్తచిత్రంలో అతడు అనాథగా పెరిగాడు, పండుగనాడు ఒంటరిగా మిగిలాడు. అంటే పాపం స్థానంలో గాయం వచ్చింది. గాయపడినవారిపై జాలి చూపమని పిల్లలకు నేర్పడం మంచిదే. కాని దుష్టత్వమంతా గాయం నుండే వస్తుందని నేర్పితే, ఏ గాయమూ లేకుండానే తమ్ముడి చేతిలోని బిస్కెట్టు లాక్కొన్న బిడ్డకు తన సంగతి అర్థం కాదు. ఆ బిడ్డకు పాతచిత్రమే నిజం చెబుతోంది.

4. చార్లీ బ్రౌన్: చదవబడిన వాక్యం, ఆగిపోయిన చోటు

చార్లెస్ షుల్జ్ రచించి, బిల్ మెలెండెజ్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం నిడివి సుమారు 25 నిమిషాలు. నిజమైన పిల్లల గొంతులు, నేపథ్యంలో జాజ్ సంగీతం, కృత్రిమమైన నవ్వుల శబ్దం లేకపోవడం ఆనాటి టీవీకి కొత్త. టీవీ అధికారులకు ఇది నచ్చలేదు. బైబిలు పఠనం ఉండడం తోటి నిర్మాతలకు కూడా జంకు కలిగించింది. షుల్జ్ పట్టుబట్టి ఉంచారు. పండుగ సమీపించినా సంతోషం లేని చార్లీ బ్రౌన్, క్రిస్మస్ అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా అని కేక వేసినప్పుడు, లైనస్ అనే చిన్నవాడు వేదిక మధ్యకు వచ్చి లూకా 2:8-14 కింగ్ జేమ్స్ తర్జుమాలో చెబుతాడు. ఎప్పుడూ దుప్పటి విడువని ఆ బిడ్డ, భయపడకుడని దూత చెప్పిన మాట దగ్గర దుప్పటి వదిలేస్తాడు. చిత్రం దీనిని వివరించదు. ఎవరూ వేలెత్తి చూపరు. చూసే బిడ్డ తనంతట తానే కనుగొనాలి.

క్రైస్తవులు ఈ చిత్రాన్ని మెచ్చుకోవడం సబబే. కాని మెచ్చుకోలు పరిశీలనకు అడ్డు రాకూడదు. మూడు విషయాలు గమనిద్దాం.

మొదటిది, చిత్రం 14వ వచనం దగ్గర ఆగుతుంది. 15వ వచనంలో గొఱ్ఱెల కాపరులు బేత్లెహేముకు బయలుదేరతారు. 16లో శిశువును చూస్తారు. 17లో తాము విన్నది ప్రచురం చేస్తారు. చిత్రంలో నాటకం చివరికి ప్రదర్శింపబడదు, తొట్టి దగ్గరకు ఎవరూ వెళ్లరు. చార్లీ బ్రౌన్ వాక్యం విని బయలుదేరేది చెట్టు దగ్గరకు.

రెండవది, అందరూ నవ్విన ఆ బక్కచెట్టు ఒక్క అలంకరణ బరువుకే వంగిపోతుంది. పిల్లలు వచ్చి, కుక్క ఇంటికి తగిలించిన బహుమతి అలంకారాలను తీసి చెట్టుకు కడతారు. లైనస్ తన దుప్పటిని దాని మొదలుకు చుడతాడు. చెట్టు నిలబడుతుంది. బయట ఉన్నవాడు లోపలికి ఎలా వస్తాడు అన్న ప్రశ్నకు మూడు చిత్రాలలో సువార్తకు అతి దగ్గరగా వచ్చిన జవాబు ఇదే. ఆ చెట్టు ఏ పనికీ రాలేదు, ఏమీ మార్చుకోలేదు. దానిని ప్రేమించారు, అంతే. అయితే ఆ ప్రేమ దూత ప్రకటించిన రక్షకుని నుండి వచ్చిందా, పిల్లల మంచితనం నుండి వచ్చిందా అన్నది చిత్రం తేల్చదు.

మూడవది, రచయిత విశ్వాసాన్ని బట్టి చిత్రానికి ధ్రువపత్రం ఇవ్వకూడదు. షుల్జ్ ఒకప్పుడు సండేస్కూలు బోధించినవారే. తరువాతి కాలంలో సంఘజీవితానికి దూరమయ్యారు. వాక్యానికి ఉన్న శక్తి చదివినవాని యోగ్యతను బట్టి రాదని మనం నమ్ముతున్నాం. అది ఇక్కడ కూడా వర్తిస్తుంది.

ఈ చిత్రం 2020 నుండి చందా కట్టి చూసే ఆపిల్ సంస్థ ప్రసార వేదికకు చేరింది. సాధారణ టీవీలో అందరూ ఒకే రాత్రి కూర్చొని చూసే అలవాటు ఆ మేరకు తగ్గింది. బిడ్డ ఒంటరిగా చూడడం పెరిగింది. మాట్లాడే పెద్దవారి అవసరం కూడా ఆ మేరకు పెరిగింది.

5. పసివారి చూపు, లేఖన పద్ధతి

జేమ్స్ ఫౌలర్ 1981లో ప్రచురించిన విశ్వాస దశల గ్రంథంలో, సుమారు మూడు నుండి ఏడేళ్ల వయసు పిల్లల విశ్వాసం బొమ్మలు, భావాలు, పెద్దవారి ప్రవర్తన ద్వారా రూపుదిద్దుకుంటుందని వివరించారు. వరుసగా తర్కించే శక్తి అప్పటికి రాదు. కనుక ఆ వయసులో బిడ్డ కథ సారాంశాన్ని పట్టుకోదు, ఒక దృశ్యాన్ని పట్టుకుంటుంది. తండ్రి ముక్కుకు బురద పూసిన దృశ్యం చాలు, నెలల తరబడి మనసులో ఉంటుంది. బ్రూనో బెటెల్‌హైమ్ 1976లో అద్భుత కథలను గూర్చి రాస్తూ, కథ అర్థాన్ని పెద్దవారు విప్పి చెప్పేస్తే బిడ్డకు అది చేసే మేలు పోతుందని హెచ్చరించారు. ఆయన ఇతర సిద్ధాంతాలతో మనం ఏకీభవించనక్కరలేదు గాని, ఈ హెచ్చరిక ప్రతి సండేస్కూలు ఉపాధ్యాయుడూ వినదగినది.

సంఘ సంప్రదాయంలో కూడా ఇందుకు ఆధారముంది. క్రీ.శ. 400 ప్రాంతంలో అగస్టీను కొత్తవారికి బోధించే విధానంపై ఒక చిన్న గ్రంథం రాశాడు. తల్లి తాను పెద్దముద్ద తినడం కన్నా, నమిలిన చిన్నముద్ద బిడ్డ నోట పెట్టడంలోనే ఎక్కువ ఆనందిస్తుందని అందులో అంటాడు. బోధకుడు విసుగు లేకుండా బిడ్డ స్థాయికి దిగడాన్ని ఆయన క్రీస్తు దిగివచ్చిన ప్రేమతో ముడిపెడతాడు.

లేఖన పద్ధతి ఇంకా స్పష్టం. నిర్గమకాండము 12:26లోను, ద్వితీయోపదేశకాండము 6:20లోను పండుగ ఉపదేశం బిడ్డ అడిగే ప్రశ్నతో మొదలవుతుంది. తండ్రి ప్రసంగం ముందు, ప్రశ్న తరువాత కాదు. ఇశ్రాయేలీయుల పస్కా బల్ల దగ్గర బిడ్డకు కేటాయించిన పని అడగడం. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో వింటూ, ప్రశ్నలు అడుగుతూ కనిపించాడు (లూకా 2:46). ప్రశ్నకు చోటివ్వని క్రిస్మస్ బోధ ఈ సంప్రదాయానికి దూరమైనది.

తెలుగు సంఘానికి ఈ విషయంలో ప్రత్యేక బాధ్యత ఉంది. మన సంఘాలలో అధికభాగం ఊరికి అవతల ఉంచబడినవారి మధ్య పుట్టాయి. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు, వారు లోకానికి పనికివచ్చినందుకు చేర్చుకోబడలేదు. కరవు రోజులలో తిండి కోసం వస్తున్నారన్న అనుమానానికి చోటుండకూడదని మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలను ఆపి ఉంచాడు. సహాయం ముగిసిన తరువాత కూడా వారు వచ్చారు. వెలి అంటే ఏమిటో మన తాతముత్తాతలకు తెలుసు. పనికివస్తేనే చోటు అన్న నీతిని వారి మునిమనుమలకు క్రిస్మస్ సందేశంగా అందించడం తగదు.

6. సంభాషణ ఎలా సాగాలి?

నాలుగు నుండి ఏడేళ్ల పిల్లల కోసం నాలుగు సూచనలు చేస్తున్నాను.

ఒకటి, కలిసి చూడండి. బిడ్డ చేతికి ఫోను ఇచ్చి వంటింట్లోకి వెళ్లిన తల్లికి తరువాత మాట్లాడడానికి ఏమీ ఉండదు. బిడ్డ ముఖం ఎక్కడ మారిందో చూడడమే సగం పని.

రెండు, నీతి అడగకండి, దృశ్యం అడగండి. "దీనివల్ల ఏం నేర్చుకున్నావు?" అన్నది పరీక్ష ప్రశ్న. పిల్లలు మనకు నచ్చే జవాబు చెప్పి తప్పించుకుంటారు. "ఎవరు బయట ఉండిపోయారు? లోపలికి ఎలా వచ్చారు?" అన్న రెండు ప్రశ్నలు మూడు చిత్రాలకూ సరిపోతాయి. ఉదాహరణకు సంభాషణ ఇలా సాగవచ్చు:

"రుడాల్ఫ్ ముక్కుకు వాళ్ల నాన్న ఏం పూశాడు బుజ్జీ?"
"బురద."
"ఎందుకమ్మా?"
"ఎవరికీ కనబడకుండా."
"యేసయ్య అక్కడ ఉంటే ఏం చేసేవాడంటావు?"
"తుడిచేసేవాడు."

ఇక్కడ తల్లి ఆగిపోవాలి. ఈ జవాబుకు ప్రసంగం జోడించనక్కరలేదు.

మూడు, అదే రాత్రి వాక్యం చదవండి. సత్రములో స్థలము లేకపోయిన సంగతి లూకా 2:7లో ఉంది. అంతవరకు బయట ఉన్నది ఎవరు అని అడుగుతూ వచ్చిన బిడ్డకు, బయట ఉండిపోయినవాడు యేసే అని అక్కడ తెలుస్తుంది. చార్లీ బ్రౌన్ చూసిన రోజున 14 దగ్గర ఆపకుండా 20 వరకు చదవండి. గ్రించ్ చూసిన రోజున జక్కయ్య కథ చదవండి.

నాలుగు, క్రిస్మస్ తాతను గూర్చి బిడ్డ అడిగితే నిజం చెప్పండి. నాలుగవ శతాబ్దంలో నేటి టర్కీ ప్రాంతంలోని మైరా అనే ఊరిలో నికొలాసు అనే బిషప్పు ఉండేవాడు, ఆయన పేరు నుండి ఈ వేషం వచ్చింది, ఇప్పుడు మనం చూసేది ఆట అని చెబితే చాలు. అబద్ధం చెప్పి మోసగించవద్దు, హేళన చేసి పొరుగుబిడ్డ సంతోషం చెడగొట్టమని పంపవద్దు. ముఖ్యంగా, మంచిపిల్లల పట్టిక, చెడ్డపిల్లల పట్టిక అనే ఊహను సరిదిద్దాలి. మనమింకా పాపులమై ఉండగానే క్రీస్తు మనకొరకు చనిపోయాడన్న రోమా 5:8కి అది పూర్తిగా విరుద్ధం. సంఘంలో క్రిస్మస్ తాత వేషం వేసి "అల్లరి చేసినవాళ్లకు మిఠాయి లేదు" అని నవ్వించే అలవాటున్నచోట, కాపరి ఆ మాటను మాన్పించడం మంచిది.

7. కొన్ని అభ్యంతరాలు

"ఇదంతా ఎందుకు, బైబిలు కథల కార్టూన్లే చూపిస్తే సరిపోదా?" అని కొందరు అడుగుతారు. బైబిలు కథ అయినంతమాత్రాన విమర్శ అవసరం తీరిపోదు. 2017లో వచ్చిన ద స్టార్ అనే చిత్రం యేసు జననాన్నే చూపిస్తుంది. కాని అందులో కథానాయకుడు బో అనే చిన్నగాడిద. బిడ్డకు గుర్తుండేది జంతువుల సాహసం, వెంటాడే కుక్కలు. అక్కడ కూడా అవే ప్రశ్నలు అడగాలి.

"లోకసంబంధమైన వాటిని ఇంట్లోకి రానిస్తే పరిశుద్ధతకు భంగం కాదా?" అన్నది మరొక అభ్యంతరం. దీనిని తేలికగా తీసుకోకూడదు. బిడ్డ సమయానికి హద్దు ఉండాలి. ప్రతి కుటుంబమూ తన మనస్సాక్షిని బట్టి కొన్నిటిని వద్దనవచ్చు. అయితే వద్దన్న ఇంటి బిడ్డ కూడా బడిలో స్నేహితుల నోట ఈ కథలు వింటుంది. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టమన్న 1 థెస్సలొనీకయులకు 5:21 పరీక్ష పెట్టమంటుంది. పరీక్షించడం నేర్పకుండా తలుపు మాత్రమే మూస్తే, తలుపు తెరుచుకొన్న రోజున బిడ్డ చేతిలో ఏ ఆయుధమూ ఉండదు. మన పూర్వికులు బుర్రకథను, హరికథను సువార్తకు వాడినప్పుడు ఆ కళారూపాలను పరీక్షించే వాడారు.

ముగింపు

ఈ మూడు చిత్రాలలో ఏదీ సువార్త కాదు, ఏదీ సువార్తకు శత్రువు కూడా కాదు. రుడాల్ఫ్ పనికివచ్చి చేరాడు. గ్రించ్ మారి చేరాడు. బక్కచెట్టు ప్రేమింపబడి నిలిచింది. నాలుగవ కథ వీటిలో లేదు. లోపల ఉండవలసినవాడు తానే బయటికి వచ్చి, తొట్టిలో పండుకొని, ఊరి వెలుపల పొలాలలో ఉన్నవారిని మొదట పిలిచిన కథ అది. దానిని చెప్పవలసినవారు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, కాపరులు. పిల్లలు చూసిన దానిని మనం చూడకుండా, వారు అడిగినదానిని మనం వినకుండా ఆ కథ చెప్పబోతే, అది మరొక ప్రసంగంగానే మిగిలిపోతుంది. కనుక ఈ డిసెంబరులో చూడవచ్చునా, చూడకూడదా అన్న తీర్పు చెప్పడానికి ముందు, ప్రతి కాపరీ తన సండేస్కూలు పిల్లలలో చిన్నవారి మధ్య కూర్చొని, వీటిలో ఒక్క చిత్రమైనా పూర్తిగా చూడవలసిందిగా మనవి. ఆ తరువాత మొదట మాట్లాడే అవకాశం పిల్లలకే ఇవ్వండి.